5.38 నుంచి 4.27కి, అక్కణ్ణుంచి 4.88కి: నా 540 జీపు నాలుగేళ్ల కథ

నా జీపులో క్రౌన్ పినియన్ (యాక్సిల్ మధ్యలో ఉండి ఇంజిన్ తిప్పుడుని చక్రాలకి అందించే పళ్ల చక్రాల జత) రెండుసార్లు మార్పించాను. మొదటిసారి తప్పు చేశాను, రెండోసారి దాన్ని దిద్దుకున్నాను. బండి మహీంద్రా 540, డీఐ ఇంజిన్, నాలుగు గేర్ల బాక్సు. ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. రోజూ వారధి దాటి, మంగళగిరి, కాజ టోల్‌గేటు మీదుగా రానూపోనూ 70 కిలోమీటర్ల పైనే. ఆదివారం వస్తే కొండపల్లి వైపో, కొండవీడు వైపో, ఏట్లో నీళ్లు తీశాక కృష్ణ ఇసుకలోకో. ఇంట్లో వేరే కారు లేదు. పెళ్లికైనా ఆసుపత్రికైనా ఇదే బండి. ఆదివారం మాత్రమే బయటికి తీసే జీపున్నవాళ్లకి నా లెక్క పనికిరాదు.

కొన్నప్పుడు రెండు యాక్సిళ్లలోనూ 5.38 ఉంది. అంటే క్రౌన్ వీల్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8. పినియన్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది, దీన్నే రేషియో అంటారు. పొలాల మీద తిరగడానికి పుట్టిన పాత జీపులకి ఇదే ఉండేది. కొండలకి బంగారం, హైవే మీద నరకం. టాప్ గేరు డైరెక్టే (గేర్ల బాక్సులో వేగం మారదు) కాబట్టి లెక్క కట్టడం తేలిక. 29 అంగుళాల టైరుతో 80 స్పీడుకి ఇంజిన్ దాదాపు 3,100 తిరగాలి. ఈ ఇంజిన్‌కి అది ఊపిరి అందని చోటు. మంగళగిరి దాటేసరికి చెవులు దిబ్బళ్లు పడేవి. ఫోన్ వస్తే రోడ్డు పక్కన ఆపి మాట్లాడాల్సిందే.

దానికి తోడు వెనక యాక్సిల్ పాత టేపర్ రకం. యాక్సిల్ రాడ్ చివర కోసుగా ఉండి, హబ్ దానిమీద ఎక్కి, మధ్యలో ఒక చిన్న కీ, పైన నట్టు, పిన్ను. నట్టు కాస్త వదులైనా ఆ కీ అరిగిపోతుంది. క్లచ్ వదిలినప్పుడల్లా వెనక ఎడమ చక్రం దగ్గర 'టక్' అని ఒక్క దెబ్బ. నేను షాఫ్ట్ జాయింట్‌లోని క్రాసు అనుకుని రెండు నెలలు తిరిగాను. విప్పి చూస్తే కీ సగం కోసుకుపోయి ఉంది. ఈ రకం యాక్సిల్‌లో ఆ రాడ్డు బయటి కొస విరిగితే చక్రం, డ్రమ్ముతో సహా బండిని వదిలి వెళ్లిపోతుంది. హైవే మీద రోజూ తిరిగేవాళ్లు ఈ ఒక్క సంగతి కోసమైనా వెనక యాక్సిల్ విప్పించి చూసుకోండి.

అలా 2021లో పని మొదలైంది. ఆటోనగర్‌లో ఒక రోడ్డు బండి నుంచి తీసిన వెనక యాక్సిల్ దొరికింది. చక్రం బిగించే ఫ్లాంజ్ రాడ్డులోనే భాగం, కీ గొడవ లేదు. పాతదానికంటే వెడల్పు కూడా. స్ప్రింగు కట్టల కింద ప్యాడ్లు కోసి మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వచ్చింది. అందులో రేషియో 4.27. ముందు యాక్సిల్‌కి కూడా అదే రేషియో సెట్టు వేయించి, టైర్లు 31 అంగుళాలవి ఎక్కించాను. "ఇంక సెంచరీయే సారూ" అన్నాడు మేస్త్రి. నిజంగానే హైవే మీద హాయిగా ఉంది. 80కి ఇంజిన్ 2,300 తిరిగేది. పక్కనున్నవాళ్ల మాట వినపడేది.

అయితే దెబ్బ కొండ మీద తగల్లేదు. అందరూ అక్కడే తగులుతుందని భయపెట్టారు గానీ, కొండ దగ్గర లో రేంజి ఉంది కదా. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని రెండు యాక్సిళ్లకీ పంచే పెట్టె) రేషియోని 2.46 రెట్లు చేస్తుంది. కొండపల్లి ఘాట్ కూడా మొదటి గేర్లో గొణుక్కుంటూనే ఎక్కేసింది. నన్ను ముంచింది బెంజ్ సర్కిల్. సాయంత్రం ఆరున్నరకి ఫ్లైఓవర్ కింద, ముందు ఆటో, పక్కన సిటీ బస్సు, వెనక హారన్లు. ఆ నత్తనడకకి మొదటి గేరు కూడా ఎక్కువే. క్లచ్ మీద కాలు సగం పెట్టి ఈడ్చుకుంటూ పోవాలి. ఏడు నెలల్లో క్లచ్ ప్లేటు పోయింది. మార్పించాను, పది నెలలకి రెండోది కాలిన వాసన పట్టింది. రెండో గేరు కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కడానికి వణికేది, టాప్ గేరు 60 దాటితేగానీ పడేది కాదు. టైరు పెద్దదైంది కాబట్టి, పాత 29 అంగుళాల టైరు లెక్కలో చూస్తే నా బండి రేషియో 4 దగ్గరికి దిగిపోయిందన్నమాట. మొదట్లో ఉన్నదానికంటే పావు వంతు పైనే బరువు పెరిగినట్టు ఇంజిన్‌కి.

మీటరు సంగతి వేరే. స్పీడు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది, దానికి యాక్సిల్ మారిందని తెలియదు. మీటరు 60 చూపిస్తుంటే జీపీఎస్ 80 చూపించింది. కిలోమీటర్లు కూడా అలాగే తక్కువ పడతాయి. మైలేజీ ఏడుకి పడిపోయిందని వారం రోజులు దిగులు పడ్డాను, నిజానికి తొమ్మిదిన్నర వస్తోంది. రేషియో మార్చినవాళ్లు ఎవరైనా మైలేజీ చెబితే, మీటరు సరిచేశాక చెప్పినదేనా అని ముందు అడగండి.

2023 ఫిబ్రవరిలో 4.88కి వచ్చాను. 39 పళ్లు, 8 పళ్లు. ఈసారి వేరే మేస్త్రి. రెండు యాక్సిళ్లకీ సెట్లు వేశానన్నాడు, డబ్బులిచ్చాను, బండి తెచ్చుకున్నాను. విప్పి పెట్టినప్పుడు పళ్లు లెక్కపెట్టలేదు. అదీ నా తప్పే.

రెండో ఆదివారం ఇసుకలోకి దిగాం. ఫోర్ వీల్ వేయగానే స్టీరింగ్ బిగుసుకుంది. ముందు చక్రాలు ఇసుకని తవ్వుతున్నాయి, వెనకవి ఈడ్చుకొస్తున్నట్టున్నాయి. ఇసుక మెత్తన కదా అనుకున్నాను. కరకట్ట మీది గట్టినేల ఎక్కి ఫోర్ వీల్ తీద్దామంటే లివర్ రాదు. రెండు చేతులతో లాగాను, నాతో వచ్చిన బావమరిది కాలు తన్నిపెట్టి లాగాడు. ఊహూ. బండి ఒక అడుగు ముందుకి కదిలితే ఎక్కడో లోపల ఇనుము మూలిగినట్టు చప్పుడు. చివరికి రివర్స్ గేరేసి పది అడుగులు వెనక్కి వెళ్లేసరికి 'ఠంగ్' మని లివర్ దానంతటదే జారింది. ముందు, వెనక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరగకపోతే ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిక పడి బిగుస్తుంది. వెనక్కి వెళ్తే మెలిక విడుతుంది.

ఇంటికొచ్చి పరీక్ష చేశాను. ఇది ఎవరైనా చేసుకోవచ్చు, ఏమీ విప్పక్కర్లేదు. న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకి అడ్డు రాళ్లు పెట్టి, ఒక్క చక్రాన్ని జాకీతో లేపాలి. టైరు మీద సుద్దముక్కతో ఒక గీత, యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఒక గీత. రెండో చక్రం నేల మీదే ఉంది కాబట్టి లేపినదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. అప్పుడు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. మా అమ్మాయి సుద్ద గీత చూస్తూ లెక్కపెట్టింది. వెనక అయిదు చుట్లకి కొంచెం తక్కువ. ముందు హబ్ లాక్ చేసి చూస్తే నాలుగుంపావు. ముందు యాక్సిల్‌లో పాత 4.27 అలాగే ఉంది! మేస్త్రిని అడిగితే "ముందుది రేపు దొరుకుతుందన్నారు, మర్చిపోయాను సారూ" అన్నాడు. నేను ఫోర్ వీల్ వేయననుకున్నాడట. జీపు కొన్నవాడు ఫోర్ వీల్ వేయడా?

ముందు యాక్సిల్‌కి కూడా 4.88 వేసే సెట్టింగ్ పనికి ఈసారి పక్కనే కూర్చున్నాను. డబ్బు పార్టుకి కాదు, ఈ పనికి పోయాలి. పినియన్ వెనక షిమ్ములు (పల్చటి రేకు వాషర్లు) వేసి లోతు సరిచూడాలి, బేరింగ్ బిగువు చూడాలి. క్రౌన్‌కి, పినియన్‌కి మధ్య ఆట డయల్ గేజితో కొలవాలి, అది పావు మిల్లీమీటరు దాటకూడదు. చేత్తో కదిపి "సరిపోయింది" అనేవాడి దగ్గర బండి పెట్టొద్దు. పళ్ల మీద నీలం పూసి తిప్పితే అచ్చు పడుతుంది. అది పన్ను మధ్యలో పడాలి. మొదటిసారి కొనకి పడింది. షిమ్ము మార్చి మళ్లీ బిగించాడు, మళ్లీ పూశాడు. అలా నాలుగుసార్లు. నాలుగోసారి అచ్చు చూపించి, "ఇప్పుడు చూడు బాబూ, పంటిలో పన్ను కూర్చుంది" అన్నాడు సెట్టింగ్ చేసిన పెద్దాయన. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

తర్వాత మొదటి 500 కిలోమీటర్లు బరువు వేయలేదు. అరగంట నడిపి చల్లారనివ్వడం, 800 దగ్గర ఆయిల్ మార్చడం. పాత ఆయిల్‌లో వెండి పొడిలాంటిది కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. ముక్కలు వస్తే పడాలి.

4.88తో ఇప్పటికి రెండున్నరేళ్లు. 80కి ఇంజిన్ 2,600 చిల్లర తిరుగుతుంది. 4.27 అంత నిశ్శబ్దం లేదు, 5.38 అంత రొద లేదు. బెంజ్ సర్కిల్ కింద క్లచ్ పూర్తిగా వదిలేసి మొదటి గేర్లో పాకగలుగుతున్నాను. క్లచ్ ప్లేటు అదే నడుస్తోంది. మైలేజీ, సరిచేసిన లెక్కతో, పదకొండుంపావు నుంచి పన్నెండు మధ్య. తిరిగేదంతా అడవుల్లోనే అయితే మటుకు 31 టైరు వేసుకుని 5.38నే ఉంచుకోండి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర లారీల వెనక రోజూ నిలబడేవాళ్లకి 4.88. పెద్ద టైర్లతో 4.27 జోలికి మాత్రం వెళ్లొద్దు.

లాకర్ (ఒక యాక్సిల్‌లోని రెండు చక్రాలూ కలిసే తిరిగేలా చేసేది) వేయలేదు. ఇసుకలో టైర్లలో గాలి తీస్తే నా పని గడిచిపోతోంది.

నీళ్ల సంగతి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ అంచు దాకా పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు పట్టుకుని మూడు రోజులు తిరిగాను. లోతుకి వెళ్లలేదు, చక్రం సగం మునిగేంతే. వేడి మీదున్న యాక్సిల్ హౌసింగ్ చన్నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని నీటిని లాగేసుకుంటుంది. వారం తర్వాత డ్రెయిన్ నట్టు విప్పితే ఆయిల్ రాలేదు, చిక్కటి పాల టీ వచ్చింది. డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ పోసి, వంద కిలోమీటర్లకి మళ్లీ మార్చాను. పినియన్ బేరింగ్ బతికింది. ఇప్పుడు రెండు యాక్సిళ్ల బ్రీదర్లకీ (లోపలి గాలి ఆడే చిన్న రంధ్రాలకి) రబ్బరు గొట్టం తగిలించి బానెట్ కింద దాకా లాగాను. చవకలో అయిపోయే పని, మొదటి రోజే చేయించుకోవాల్సింది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. ఆర్టీఏ దగ్గర, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడిగి దిగండి. పెద్ద టైరు దూరం నుంచే కనిపిస్తుంది.

ఇప్పుడున్న లోపాలు రెండు. 60 దగ్గర సన్నటి వణుకు. వెనక ప్యాడ్లు వెల్డింగ్ చేసినప్పుడు పినియన్ ముక్కు రవ్వంత కిందికి వాలింది, ఆ వంపుకి షాఫ్ట్ జాయింట్ ఒప్పుకోవడం లేదు. కట్టల కింద కోసు పట్టీలు పెట్టించాలి. రెండోది ముందు పినియన్ సీలు చెమరుస్తోంది, గరాజు నేల మీద రూపాయి బిళ్లంత మరక. మీటరు గేరు ఇంకా మార్పించలేదు. అది 50 చూపిస్తే నేను 59 అనుకుంటాను. మా ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు మాత్రం 50 అనే చెబుతున్నాను.