ఫోరెన్సిక్ సైకాలజీలో పాఠమా, పరిశోధనా, ప్రాక్టీసా: ఏది మేలు?

ఫోరెన్సిక్ సైకాలజిస్ట్ అనగానే హంతకుడి మనసు చదివేసి పోలీసులకు దారి చూపించే మేధావి గుర్తొస్తాడు. అలాంటి పని అసలు లేదని కాదు. 1980ల్లో లండన్ రైల్వే స్టేషన్ల పరిసరాల్లో జరిగిన వరుస అత్యాచారాలు, హత్యల కేసులో డేవిడ్ కాంటర్ అనే సైకాలజిస్టు ఇచ్చిన అంచనాలు పోలీసులకు పనికొచ్చాయి. కానీ ఆ ఒక్క ఆశతో ఈ చదువులో చేరితే తొందరగానే నీరుగారిపోతారు. ఈ రంగంలో ఎక్కువమంది చేసేది మూడే పనులు. జైళ్ళకు, ఆసుపత్రులకు, కోర్టులకు మనుషుల్ని పరీక్షించి రిపోర్టులు రాయడం, పరిశోధన చేయడం, పాఠాలు చెప్పడం.

వీటిలో ఏది మేలో జీతం, హోదా, సెలవులు లెక్కేసి తేల్చేవాళ్ళున్నారు. నేను ముందు అడిగే ప్రశ్న వేరు: ఈ పనిలో మన తప్పు ఎవరు పట్టుకుంటారు? మన మాట వల్ల ఒక మనిషి జైల్లో ఉండిపోవచ్చు, బయటికీ రావచ్చు. అందుకే ఈ ప్రశ్న.

ప్రాక్టీసు సంగతి చూద్దాం. నిందితుడికి విచారణ అర్థమవుతోందా, తన లాయరుకు విషయం చెప్పుకోగలడా? నేరం జరిగినప్పుడు అతని మానసిక స్థితి ఏమిటి? వదిలేస్తే మళ్ళీ హింసకు దిగుతాడా? బిడ్డ తల్లి దగ్గర పెరగాలా, తండ్రి దగ్గరా? కోర్టు అడిగేవి ఇవి. మొదటి ప్రశ్నకు అమెరికాలో ఇప్పటికీ 1960 నాటి డస్కీ కేసు తీర్పే కొలత. రెండోదాని వెనక, మతి స్థిమితం లేక చేసిన నేరానికి బాధ్యత ఎంత అని తేల్చిన 1843 నాటి ఇంగ్లండు మెక్‌నాటన్ కేసు ఉంది. మనిషితో మాట్లాడేది కొన్ని గంటలైతే, పాత కేసు కాగితాలు, ఆసుపత్రి రికార్డులు చదవడానికి, రిపోర్టు రాయడానికి పట్టేది చాలా ఎక్కువ.

కౌన్సెలింగ్ నేర్చుకుని వచ్చినవాళ్ళకు ఇక్కడ మొదటి రోజే ఇబ్బంది ఎదురవుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ముందే చెప్పాలి: "నేను మీకు వైద్యం చేయడానికి రాలేదు. మీరు చెప్పింది నా దగ్గరే ఉండిపోదు, కోర్టుకు వెళ్తుంది." ఆ తర్వాత కూడా అతను మాట్లాడాలి. అతను లేని జబ్బు నటిస్తున్నాడా అన్నది కూడా పరీక్షించాలి. ఫీజు విషయంలోనూ గీత ఉంది. కేసు గెలిస్తేనే డబ్బు అనే ఒప్పందాలకు దూరంగా ఉండాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతాయి.

మరి ఇక్కడ తప్పు పట్టుకునేదెవరు? క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయరు పట్టుకుంటాడనుకుంటాం. అతను పట్టుకునేది తన కక్షిదారుకు పనికొచ్చే తప్పును మాత్రమే. పైగా ప్రమాదకరమని మనం చెప్పిన మనిషి లోపలే ఉండిపోతే, బయటికొచ్చి ఏం చేసేవాడో ఎప్పటికీ తెలియదు. వదిలేయమన్న మనిషి మళ్ళీ నేరం చేస్తే మాత్రం ఊరంతా తెలుస్తుంది. ఇలా ఒకవైపు తప్పులే కనబడుతుంటే, అనుభవం పెరిగేకొద్దీ జ్ఞానం కన్నా నమ్మకమే ఎక్కువ పెరుగుతుంది.

1992లో లండన్ వింబుల్డన్ కామన్‌లో జరిగిన హత్య కేసునే తీసుకోండి. ఒక సైకాలజిస్టు సలహాతో పోలీసులు మారువేషంలో ఒక అనుమానితుడికి వల వేశారు. ఆ సాక్ష్యం చెల్లదని 1994లో జడ్జి కొట్టేశారు. అప్పటికి అతను ఏడాదికి పైగా నిర్బంధంలో ఉన్నాడు. చివరికి డీఎన్ఏ ఇంకొకరిని పట్టించింది. 2008లో ఆ ఇంకొకరు నేరం ఒప్పుకున్నాడు.

పరిశోధనలో వేగం తక్కువ, కాపలా ఎక్కువ. రాసింది అచ్చయ్యేలోపు సాటివాళ్ళు చీల్చి చెండాడతారు, అచ్చయ్యాక ఇంకొకరు అదే ప్రయోగం చేసి చూడొచ్చు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించారు. కార్లు "తగిలినప్పుడు" వేగమెంత అని అడిగితే ఒక జవాబు, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని అడిగితే అంతకన్నా ఎక్కువ వేగం. ప్రశ్నలో ఒక్క మాట మారిస్తే సాక్షి జవాబే మారింది. 1978లో గ్యారీ వెల్స్ ఇంకో అడుగు వేశాడు. సాక్షి చూసిన వెలుతురు, దూరం మన చేతిలో లేవు కానీ గుర్తింపు పరేడ్ జరిపే తీరు మన చేతిలోదే కదా అన్నాడు. అనుమానితుడెవరో తెలియని అధికారితోనే ఆ పరేడ్ నడిపించాలన్న నియమం ఆ ఆలోచనా ధోరణిలోనిదే. ఇలాంటి ఒక్క నియమం ఎన్ని కేసుల్లో అమాయకుల్ని కాపాడగలదో ఊహించుకోండి. రిపోర్టులు రాసుకుంటూ పోయేవాళ్ళకు ఆ అవకాశం రాదు.

అలాగని పరిశోధనను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. క్లాసురూములో ఫిల్ము చూసిన విద్యార్థి, కత్తి చూసి వణికిన సాక్షి ఒకటి కాదు. నిజమైన ఖైదీలతో పని చేయాలంటే అనుమతులకే నెలలు గడిచిపోతాయి. అతి చేస్తే ఏమవుతుందో కూడా ఈ రంగానికి ఆరంభంలోనే తెలిసొచ్చింది. హార్వర్డ్ ప్రొఫెసర్ హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ 1908లో, కోర్టులు సైకాలజీని పట్టించుకోవడం లేదని నిష్ఠూరమాడితే, మరుసటి ఏడాదే జాన్ విగ్మోర్ అనే న్యాయశాస్త్ర పండితుడు ఆయన్ని ఉతికి ఆరేశాడు. ముందు మీ ఆధారాలు చూపించండి అన్నదే ఆ వాదన సారం.

పాఠాలు చెప్పడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నికరమైన జీతం, టెన్షన్ తక్కువ. పోలీసులకు, జడ్జీలకు శిక్షణ ఇచ్చే అవకాశం వస్తే సంతృప్తి కూడా. కానీ ఒక్క కేసు కూడా చూడకుండా అదే పూర్తి వృత్తి చేసుకోవడం నాకు నచ్చదు. జైలు గేటు దాటని మనిషి ఖైదీ ఇంటర్వ్యూ గురించి చెబితే అది చదివిన పాఠాన్ని అప్పజెప్పడమే.

నా ఓటు ముందు ప్రాక్టీసుకి, తర్వాత దానికి పరిశోధన కలపడానికి. రాబర్ట్ హేర్ 1960లో కెనడాలో జైలు సైకాలజిస్టుగా మొదలై తర్వాత యూనివర్సిటీకి వెళ్ళాడు. సైకోపతీని, అంటే జాలీ పశ్చాత్తాపమూ లేని మనస్తత్వాన్ని, కొలిచే 20 అంశాల చెక్‌లిస్టు ఆయనదే. ఒక్కో అంశానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 40. గిస్లీ గుడ్యోన్సన్ ఐస్‌లాండ్‌లో డిటెక్టివ్‌గా పని చేసి సైకాలజీకి వచ్చాడు. చేయని నేరం మనుషులు ఎందుకు ఒప్పుకుంటారన్నది ఆయన ప్రశ్న. ఇంగ్లండులో చేయని బాంబు దాడులకు శిక్షపడ్డవాళ్ళ గిల్డ్‌ఫర్డ్ ఫోర్, బర్మింగ్‌హామ్ సిక్స్ కేసుల్లో ఖైదీలను పరీక్షించినవాళ్ళలో ఆయన ఒకరు. ఇలాంటి ప్రశ్నలు లైబ్రరీలో పుట్టవు.

అయితే హేర్ చెక్‌లిస్టుకే తర్వాత ఏమైందో చూడండి. 2013లో డేనియల్ మరీ, మార్కస్ బొకాచీనీ బృందం వందమందికి పైగా నిపుణులకు అవే ఫైళ్ళు ఇచ్చి, మిమ్మల్ని ప్రాసిక్యూషన్ పెట్టుకుందని కొందరికి, డిఫెన్సు పెట్టుకుందని కొందరికి చెప్పింది. వాళ్ళిచ్చిన మార్కులు సగటున, తమను ఏ పక్షం పెట్టుకుందనుకున్నారో ఆ పక్షం వైపే మొగ్గాయి. వాళ్ళు అమ్ముడుపోయారని అనుకోనక్కర్లేదు. కానీ ప్రాక్టీసులోనే ఉండిపోతే తమలో ఈ మొగ్గు ఉందని వాళ్ళకు తెలిసే దారేది?

ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోవాలి. ప్రాక్టీసు నుంచి పరిశోధనకు వెళ్ళడం కన్నా, అటు నుంచి ఇటు రావడం కష్టం. ఒట్టి పరిశోధన పీహెచ్‌డీతో ప్రాక్టీసు లైసెన్సు రాదు. బ్రిటన్‌లో ఫోరెన్సిక్ సైకాలజిస్ట్ అన్న పేరుకే 2009 నుంచి చట్టరక్షణ ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా వాడుకోకూడదు. అమెరికాలో క్లినికల్ పీహెచ్‌డీ రెండు తలుపులూ తెరుస్తుంది, సైడీ (PsyD, అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీ) డిగ్రీ ఎక్కువగా ప్రాక్టీసు వైపే. అందుకే కోర్సులో చేరేముందు అడగాల్సింది ర్యాంకు గురించి కాదు. జైల్లోనో, సెక్యూర్ ఆసుపత్రిలోనో సీనియర్ల పర్యవేక్షణలో పని చేయిస్తారా, ఎన్ని గంటలు, ఆ గంటలు లైసెన్సుకు లెక్కలోకి వస్తాయా అని అడగండి.