165 హెర్ట్జ్ మానిటర్ కొని నాలుగు రోజులు 60లోనే ఆడాను

విశాఖ ద్వారకానగర్‌లో కొన్న 27 అంగుళాల గేమింగ్ మానిటర్ ఇది, వంపు తిరిగిన స్క్రీను, ఫుల్ హెచ్‌డీ, పదమూడున్నర వేలు పడింది. అట్టపెట్టె మీద 165 హెర్ట్జ్ (సెకనుకి స్క్రీను మీద బొమ్మ అన్నిసార్లు మారుతుందని), 1 ఎంఎస్ (పిక్సెల్ రంగు ఒక్క మిల్లీసెకనులో మారుతుందని) అని అరచేతంత అక్షరాలు. వీఏ ప్యానెల్ (స్క్రీనుల్లో ఒక రకం) అన్న మాట మాత్రం ఓ మూల చీమంత. కంపెనీ పేరు చెప్పను, నా కోపం కంపెనీ మీద కంటే ఆ అంకెల మీదే, అవి ఈ ధరలో దాదాపు అన్ని పెట్టెల మీదా ఉన్నాయి.

షాపులో అబ్బాయి చిలకలు, మామిడిపళ్లు, రంగురంగుల పూల వీడియో పెట్టి చూపించాడు. "వన్ ఎమ్మెస్ సార్, ఇంక బ్లర్ అన్న మాటే ఉండదు" అన్నాడు. నమ్మేసి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని పెదవాల్తేరు తెచ్చుకున్నాను.

ఇంటికి రాగానే పాత మానిటర్ హెచ్‌డీఎంఐ కేబులే దీనికి తగిలించి ఆడేశాను. నాలుగు రోజులు "అబ్బ, ఎంత స్మూత్‌గా ఉందో" అని ఫ్రెండ్స్ అందరికీ చెప్పాను కూడా. ఐదో రోజు గాజువాక నుంచి మా బావ వచ్చి, మౌస్ ఒకసారి అటూ ఇటూ తిప్పి, "ఏటి బావా, ఇది అరవైలో నడుస్తోంది కదా" అన్నాడు. పరువు పోయింది. విండోస్ చాలాసార్లు దానంతటది మార్చుకోదు, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి మనమే ఎంచుకోవాలి. పైగా నా మానిటర్‌లో హెచ్‌డీఎంఐ 144 దగ్గర ఆగిపోతుంది, 165 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ కేబులే. అది పెట్టెలోనే ఉంది, నేనే కవరు విప్పలేదు. (పాత కేబుల్ మొనకి తుప్పు కూడా పట్టింది, బీచ్‌కి దగ్గరగా ఉన్నవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు.)

165కి మార్చాక తేడా నిజంగా ఉంది. 60లో ఒక్కో బొమ్మ స్క్రీను మీద 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలబడుతుంది, 165లో 6 మిల్లీసెకన్లే. ఈ నిలబడటమే బ్లర్‌కి అసలు కారణమని నాకూ ఈ మానిటర్ కొన్నాకే తెలిసింది. పరిగెత్తే శత్రువు వెంట మన కన్ను ఆగకుండా జరుగుతూనే ఉంటుంది, స్క్రీను మీద బొమ్మేమో ఆగి, గెంతి, మళ్లీ ఆగుతుంది, ఆ రెండింటికీ పొంతన కుదరక బొమ్మ కంట్లో అలుక్కుపోతుంది. లెక్క చూడండి: సెకనుకి 960 పిక్సెళ్లు జరిగే బొమ్మ 60లో 16 పిక్సెళ్లు అలుక్కుంటే 120లో 8, 165లో ఆరు లోపే. చిన్నప్పుడు మా నాన్న కంప్యూటర్‌కి ఉన్న డబ్బా మానిటర్‌లో ఇంత బ్లర్ ఎందుకు లేదంటే, అందులో బొమ్మ తళుక్కుమని వెలిగి వెంటనే ఆరిపోయేది.

అయితే ఇదంతా పిక్సెల్ రంగు టక్కున మారితేనే. వీఏ ప్యానెల్ ఇక్కడే చెయ్యిచ్చింది. గేమ్‌లో వెలుతురున్న చోట బాగానే ఉంది గానీ, చీకటి గదిలోకి వెళ్లి కెమెరా తిప్పితే నలుపు నుంచి బూడిద రంగుకి మారే చోట తడి గోడ మీద చెయ్యి రాసినట్టు నల్లటి చారలు. 1 ఎంఎస్ అన్నది రంగులన్నిటికీ వర్తించే మాట కాదు, కంపెనీ తనకి అనుకూలమైన మార్పు చూసుకుని కొలిచి వేసే అంకె. నలుపు నుంచి లేవడానికి ఈ ప్యానెల్‌కి ఆరు మిల్లీసెకన్లు ఏ మూలకీ సరిపోవు, ముందు బొమ్మ చెరిగే లోపే తర్వాత రెండు మూడు వచ్చి మీద పడతాయి.

మెనూలో ఓవర్‌డ్రైవ్ అని ఉంటుంది, పిక్సెల్‌ని కాస్త గట్టిగా తోసి తొందరపెట్టడం దాని పని. చివరిదాకా పెంచాను. నల్ల చారలు తగ్గాయి, బదులుగా ప్రతి మనిషి వెనకా తెల్లటి దయ్యం మొదలైంది. మధ్యలో పెట్టుకోండి. నలుపుని కొంచెం తేల్చే సెట్టింగ్ కూడా ఉంటుంది, దాన్ని రెండు మెట్లు పెంచితే చారలు బాగా తగ్గుతాయి, కానీ వీఏ కొనేదే చిక్కటి నలుపు కోసం కదా, దాన్నే వెలిసిపోయేలా చేసుకోవడం నాకు నచ్చలేదు.

ఎంపీఆర్‌టీ అని ఇంకో మోడ్ ఉంది, బొమ్మకీ బొమ్మకీ మధ్య వెనక లైటు ఆర్పేస్తుంది. బొమ్మ అద్దంలా నిలుస్తుంది, ఒప్పుకోవాలి. కానీ వెలుతురు సగానికి పడిపోయింది, పొద్దున్న సముద్రం వైపు కిటికీ తెరిస్తే ఏమీ కనపడదు, అది వేస్తే ఫ్రీసింక్ (కంప్యూటర్ బొమ్మ పంపే వేగానికి తగ్గట్టు స్క్రీను నడిచే ఏర్పాటు) ఆగిపోతుంది, గంటకి నాకు తలనొప్పి. ఆపేశాను.

ఇన్‌పుట్ ల్యాగ్ మాత్రం ఫిర్యాదు లేదు. చాలామంది దీన్నీ రెస్పాన్స్ టైమ్‌నీ ఒకటే అనుకుంటారు. పిక్సెల్ రంగు మార్చుకోవడానికి పట్టే టైము వేరు, మనం నొక్కిన క్లిక్ స్క్రీను మీదకి రావడానికి పట్టే టైము వేరు. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి మౌస్‌నీ స్క్రీన్‌నీ కలిపి తీశాను, ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. క్లిక్ నుంచి తుపాకీ కదిలేదాకా పాత మానిటర్‌లో పదహారు, పదిహేడు ఫ్రేములు, దీంట్లో తొమ్మిది పది. నాటు లెక్కే, మౌస్, కంప్యూటర్ ఆలస్యం కూడా అందులోనే కలిసి ఉంటుంది, కానీ చేతికి తెలుస్తోంది. వీసింక్ (గేమ్ ఫ్రేములే స్క్రీను కోసం ఆగేలా చేసే సెట్టింగ్) ఆన్ చేస్తే ఆలస్యం మళ్లీ పెరిగింది, కాబట్టి నేను ఫ్రీసింక్ ఉంచి, గేమ్‌లో ఫ్రేములు 160 దాటకుండా కట్టేశాను. వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లో ముంబై సర్వర్‌కి నాకు పింగ్, అంటే నెట్‌లో వెళ్లి రావడానికి పట్టే టైము, నలభై మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, దాన్ని ఏ మానిటరూ తగ్గించదు, ఓడిపోయిన ప్రతిసారీ స్క్రీన్‌ని తిట్టకండి.

ఎవరికి పనికొస్తుందంటే, కార్ రేసులు, క్రికెట్ గేములు, సినిమాలు ఎక్కువగా చూసేవాళ్లకి ఈ ధరకి న్యాయమే. షూటింగ్ గేములే లోకమైతే ఐపీఎస్ అనే ఇంకో రకం ప్యానెల్ తీసుకోండి, నలుపు కాస్త బూడిదలా ఉన్నా ఇలాంటి నల్ల చారలు దాదాపు ఉండవు. షాపుకి వెళ్లినప్పుడు చిలకల వీడియో చాలు బాబూ అని, పెన్‌డ్రైవ్‌లో ఏదైనా చీకటి గేమ్ ఉంటే అదే నడిపించి చూడండి. నేను వారంలోపే వెనక్కి తీసుకెళ్తే "డెడ్ పిక్సెల్ ఉంటేనే మారుస్తాం సార్, ఇది ప్యానెల్ గుణం" అన్నారు. గుణం సంగతి అమ్మేటప్పుడు చెప్పలేదేం అని అడిగితే నవ్వి టీ తెప్పించారు. టీ బాగుంది.