డెంటల్ అసిస్టెంట్: క్లినిక్‌లో నేర్చుకోవాలా, హైజీనిస్ట్ డిప్లొమా చేయాలా?

వెంటనే జీతం కావాలంటే క్లినిక్‌లో చేరడమే దారి. 1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టర్లతో పాటు పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టులకూ, కట్టుడు పళ్లు తయారుచేసే మెకానిక్‌లకూ రిజిస్టర్లు పెట్టింది, అసిస్టెంట్లకు పెట్టలేదు కాబట్టి నమోదు లేకుండానే చేరొచ్చు. నోట్లోని ఉమ్మి, నీళ్లు లాగేసే సక్షన్ గొట్టం పట్టడం, సిమెంట్ కలపడం కొద్ది వారాల్లోనే చేతికొస్తాయి.

చిక్కల్లా కారణం తెలియకుండా నేర్చుకోవడంలోనే. ఎండాకాలం ట్యాంకు నీళ్లతో కలిపితే ఆల్జినేట్ (పళ్ల అచ్చు తీసే పొడి) ట్రే నోట్లో పెట్టేలోపే గట్టిపడుతుంది. చల్లటి నీళ్లే వాడాలి. తీసిన అచ్చును గాలికి వదిలేస్తే నీరు పోయి కుంచించుకుపోతుంది, దాని మీద చేసిన కట్టుడు పళ్లు సరిపోవు. కడిగి, క్రిమిసంహారకం చల్లి, తడి గుడ్డలో చుట్టి, 10-15 నిమిషాల్లో ప్లాస్టర్ పోయాలి.

అసలు ప్రమాదం పరికరాల మీది క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్ దగ్గర. 121 డిగ్రీల దగ్గర 15-20 నిమిషాలు అన్నది ఆ వేడి అందుకున్నాక మొదలయ్యే లెక్క, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. పరికరాలుంచిన పౌచ్‌లు (సంచులు) కుక్కి పెడితే ఆవిరి పరికరాలకు అందదు. పౌచ్ మీది గుర్తు రంగు మారిందంటే వేడి తగిలిందని మాత్రమే అర్థం, క్రిములు చచ్చాయని కాదు. చాలా క్లినిక్‌లలో ఈ తేడా చెప్పేవాళ్లుండరు.

రెండేళ్ల హైజీనిస్ట్ డిప్లొమాలో ఇవన్నీ కారణాలతో సహా వస్తాయి. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదైతే డాక్టర్ పర్యవేక్షణలో స్కేలింగ్ (పళ్ల గార తీయడం), పాలిషింగ్ చేయొచ్చు. నమోదు లేని అసిస్టెంట్ మాత్రం, డాక్టరే చెప్పినా సరే, స్కేలర్ పట్టకూడదు. ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఆ హక్కు రాదు, ప్రకటనలు ఏమన్నా. ఫీజు కట్టకముందే ఆ కాలేజీలో ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్‌లోనే అడగండి.