రెండున్నరేళ్లు ఇంట్లో చదివించాక: గుండీల డబ్బా, ఇంచు టేపు, కిరాణం చీటీ

మాది హనుమకొండ. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. పాప మూడో తరగతి, బాబు ఒకటో తరగతి. ఇద్దరిదీ ఇంగ్లీషు మీడియమే. పాప ఒకటో తరగతిలో చేరిన 2023 జూన్ నుంచి సాయంత్రం పూట తెలుగు, లెక్కలు నేర్పడానికి పిల్లల దగ్గర కాసేపు కూర్చుంటున్నాను. ఈ రెండున్నరేళ్లలో కొన్నవి ఉన్నాయి, ఫోన్‌లోకి దింపుకున్నవి ఉన్నాయి, ఇంట్లో ఉన్నవాటితోనే చేసుకున్నవి ఉన్నాయి. ఏవి నిలిచాయో, ఏవి అటకెక్కాయో మా అనుభవం మేరకు రాస్తున్నాను.

ముందు అటకెక్కినవి. నాలుగు వర్క్‌బుక్కుల సెట్టు ఒకటి కొన్నాను. కాగితం మంచిది, రంగులు బాగున్నాయి. పాప పది రోజుల్లో మొత్తం నింపేసింది. పదకొండో రోజు అందులోని అక్షరాలే పలక మీద రాసి చూపిస్తే సగం గుర్తుపట్టలేదు. చుక్కలు కలపడం వచ్చింది, అక్షరం రాలేదు. బొమ్మల కార్డులదీ అంతే. ‘ఈ’ కార్డు తీసి చూపిస్తే పాప “దోమ” అంది. దాని మీద ఉన్నది ఈగ బొమ్మ. అంటే అన్నాళ్లూ పాప చూసింది బొమ్మనే, పక్కనున్న అక్షరాన్ని కాదు. గోడ చార్టు సంగతి కూడా చెప్పాలి. పాటలా గడగడా చదివేది. మధ్యలో ‘ఘ’ మీద వేలు పెట్టి అడిగితే మాత్రం క, ఖ, గ అని మొదటి నుంచి నడిచి వస్తే తప్ప చెప్పలేకపోయేది.

అప్పటి నుంచి బొమ్మలు మానేశాం. నల్ల లైనింగ్ గుడ్డ ముక్క మీద మార్కింగ్ చాక్‌తో అక్షరం రాసి, చదవగానే చెరిపేసేవాళ్లం. వరుసగా కాకుండా, పాప తికమక పడే జతలనే పక్కపక్కన రాసేదాన్ని: ప-వ, బ-భ, డ-ఢ. వత్తుల దగ్గర ఒక సంగతి తెలిసింది. చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి, పిల్లలు తొందరగానే పట్టేస్తారు. త, న, మ, య, ర, ల వత్తులే రూపం మారిపోతాయి. వాటిని తలా ఒక వారం పట్టుకున్నాం, అత్త, అన్నం, అమ్మ, విద్య, చక్రం, పిల్లి అనుకుంటూ. అన్నీ ఒకేసారి చెప్పి ఉంటే పాప భయపడేదేమో.

చదవడానికి మాకు బాగా పనికొచ్చింది బస్టాండు. అమ్మగారింటికి పోయేటప్పుడు బోర్డులు చదివించేదాన్ని. ‘జనగామ’, ‘పరకాల’ మొదటి మెట్టు. ‘ములుగు’లో మూడక్షరాలకూ కొమ్మే, ఆ గుణింతం నేర్పడానికి అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. ‘నర్సంపేట’లో సున్నా, వత్తు రెండూ ఉన్నాయి. ‘ఏటూరునాగారం’ ఆగకుండా చదివిన రోజు పాప బస్సెక్కాక కూడా దాన్నే అంటూ కూర్చుంది. ఒకసారి ఒక బోర్డు మీద ‘హనుమకొండ’ అని, ఇంకో బోర్డు మీద ‘హన్మకొండ’ అని చూసి, ఏది తప్పని అడిగింది. రెండూ చప్పట్లు కొడుతూ పలికించాను. ఒకదానికి ఐదు చప్పట్లు, ఇంకోదానికి నాలుగు. ‘ను’ కరిగిపోయి కింద మ వత్తు చేరిందని తనే చెప్పింది.

రాయడానికి కిరాణం చీటీ. ఇది రెండో తరగతి నుంచి ఇప్పటిదాకా ఒక్క వారం కూడా మానలేదు. వారానికోసారి సామాను చీటీ పాపే రాస్తుంది, దుకాణానికి తనే పట్టుకుపోతుంది. మొదట్లో ఒకసారి ఎల్లిగడ్డ (వెల్లుల్లి) రాయబోయి ‘ఉల్లిగడ్డ పావుకిలో’ అని రాసింది. చీటీలో ఉన్నట్టే కట్టిచ్చారు. ఇంటికొచ్చి పొట్లం విప్పి చూసి పాప ముఖం చిన్నబోయింది. నేనేమీ అనలేదు. తనే చీటీ తీసి చూసుకుని, ‘ఉ’ కొట్టేసి ‘ఎ’ రాసి, మళ్లీ దుకాణానికి పోయి మార్చుకొచ్చింది. వర్క్‌బుక్కులో ఎర్ర సున్నా చుడితే ఇంత పట్టింపు ఎన్నడూ చూడలేదు. ఇంకో మాట. మా ఇంట్లో అనే మాటే చీటీలో రాయనిస్తాను. పుస్తకంలో గోంగూర అని ఉంటుంది, మా ఇంట్లో పుంటికూర అంటాం. పాప పుంటికూర అని రాస్తే అది తప్పు కాదు. నోట్లో ఉన్న మాట కాగితం మీదికి రావడమే మొదటి పని. పుస్తకం మాట దాని పక్కన మెల్లగా చేరుతుంది.

లెక్కలకు వచ్చేసరికి నేను ఎక్కువ కష్టపడింది తీసివేత దగ్గర. రెండో తరగతిలో పాప నోటుబుక్కు తెరిస్తే 34 లోంచి 8 తీసేస్తే 34 అని ఉంది.

“ఎనిమిది తీసేసినంక కూడా ముప్పై నాలుగే ఎట్లుంటయి బిడ్డా?” అన్నాను.

“నాలుగులకెల్లి ఎనిమిది పోదు కదమ్మా. అందుకే ఎనిమిదిలకెల్లి నాలుగు తీసిన” అంది.

తన లెక్క ప్రకారం అది సరైనదే. పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలి అని బట్టీ పట్టించాను. ఆ ఒకటి ఇక్కడికి రాగానే పది ఎందుకవుతుందో పాపకు తెలియదు, మాటల్లో చెప్పడం నాకూ చేతకాలేదు. గుండీలను పదేసి చొప్పున దారానికి గుచ్చి పెట్టాను. వాటిని చూసి లెక్కపెట్టేది గానీ విప్పాలని తోచేది కాదు.

తోచింది 2024 బతుకమ్మ అప్పుడు. మా అత్తమ్మ గునుగు పూలు కాడలు సమానంగా కోసి, పదేసి కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచి ఆరబెట్టింది. పాప అందిస్తుంటే పేర్చుతోంది. చివరికి మూడు కట్టలు, నాలుగు విడి కాడలు మిగిలాయి. “ఎనిమిది కాడలియ్యి” అంది అత్తమ్మ. పాప నాలుగు ఇచ్చి ఆగింది. కట్టల వైపు చూసింది. “నాయనమ్మా, కట్ట ఇప్పాలె” అని దారం లాగేసి, ఇంకో నాలుగు తీసిచ్చి, చేతిలో మిగిలిన ఆరు కాడలను రెండు కట్టల పక్కన పెట్టింది. ఆ రాత్రే పలక మీద 34 లోంచి 8 వేయమన్నాను. 26 వేసింది. ఎలా వచ్చిందంటే, “కట్ట ఇప్పిన” అంది. ఇప్పటికీ మా ఇంట్లో అప్పు తెచ్చుకోవడం అనే మాట లేదు, కట్ట విప్పడమే. గుండీల దండలు మళ్లీ బయటికి తీశాం. కూడికలో పది దాటగానే దారానికి గుచ్చాలి, తీసివేతలో అవసరమైతే దారం విప్పాలి. అది బట్టీ కాదు, చేతి పని.

బాబుకు ఆట మీదే ధ్యాస. వాడికి అష్టాచెమ్మా నేర్పాం, నాలుగు గవ్వలతో. మూడు పడితే తన కాయ ఉన్న గడినే ఒకటి అని మొదలుపెట్టి, ప్రతిసారీ ఒక గడి వెనకబడేవాడు. అదే పొరపాటు టేపుతో కొలిచేటప్పుడూ చేశాడు. గుడ్డ అంచున 1 పెట్టి కొలిచి, 12 ఇంచులున్న ముక్కను 13 అన్నాడు. రెండు చోట్లా తప్పు ఒకటే: నిలబడ్డ చోటును కూడా అడుగుగా లెక్కపెట్టడం. నేల మీద టేపు పరిచి, సున్నా అంచు దగ్గర నిలబెట్టి, అడుగు వేస్తేనే ఒకటి అని చెప్పాను. వారం రోజుల్లో ఆటలో గొడవ తగ్గింది, కొలత కూడా కుదిరింది. టేపు ఒకవైపు 60 ఇంచులు, ఇంకోవైపు 150 సెంటీమీటర్లు. ఇప్పుడు పాప ఆ రెండో వైపు చదువుతోంది.

ఫోన్‌ను చదువు కోసం మా ఇంట్లో రెండింటికే వాడాం, ఒకటే పనికొచ్చింది. పిల్లలు చదువుతుంటే విని తప్పులు చెప్పే యాప్ ఒకటి ఆరు నెలలు వాడాం. మిషన్ చప్పుడులో సరిగా చదివినా తప్పంటుంటే పాపకు ఏడుపొచ్చేది, తీసేశాను. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, మెట్ల వారీగా నాలుగు స్థాయిలు. నచ్చినవి దింపుకుని జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించి, మిషన్ మీదే కుట్టి పుస్తకాలు చేశాను. ఇవి మాత్రం చిరిగేదాకా చదివారు.

పక్కవాళ్ల పిల్లలు ఎక్కడున్నారో, మనవాళ్లు ఎక్కడున్నారో అని టెన్షన్ నాకూ ఉండేది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలు చదివాక కొంత తగ్గింది. ఒకటో తరగతి చివరికి నాలుగైదు చిన్న మాటల వాక్యాలు చదివి, 99 వరకు సంఖ్యలు చదివి రాసి, చిన్న కూడికలు, తీసివేతలు చేస్తే చాలు. రెండో తరగతి చివరికి 999 వరకు సంఖ్యలు, 99 లోపు తీసివేతలు. మూడో తరగతికి నిమిషానికి 60 మాటలు అని ఉంది. అది తెలుగులో అలాగే పట్టుకోకూడదని నా అభిప్రాయం. ‘వెళ్లిపోయాడని’ అనేది మనకు ఒక్క మాట, పిల్లలకు అది చిన్న వాక్యమంత బరువు. గడియారం పెట్టి చదివించడం రెండు రోజుల్లోనే మానేశాను.

రోజుకు 15 నిమిషాలు దాటనివ్వను. పెళ్లిళ్ల సీజన్‌లో జాకెట్ల పని మీద పడితే అది కూడా కుదరదు. అప్పుడు చీటీ, బస్సు బోర్డులు, అంతే.

గుండీలు కొనేవాళ్లు చొక్కా గుండీలు కాకుండా కోటుకు వేసే పెద్దవి తీసుకోండి, చిన్న చేతులకు గుచ్చడం సులువు. ఒకే రంగువి ఒక వంద చాలు. రంగులు కలిస్తే పిల్లలు పదులు మరిచిపోయి రంగులే ఏరుకుంటారు, మా బాబు అదే చేశాడు. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే డబ్బా అటక మీదే ఉంచండి.