తప్పులు పట్టే చక్రంతో పద్దెనిమిది నెలలు: ఒక ఎడమచేతి వాటం షూటర్ సమీక్ష

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచిన ఆ వానాకాలంలోనే, యాభయ్యో పడికి చేరువైన నేను హనుమకొండలో ఆ ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాను. (హంటర్ రోడ్డులో ఇల్లు కట్టుకున్నందుకు ఇన్నాళ్లకు సార్థకత వచ్చిందని మిత్రులు ఎగతాళి చేశారు.) మొదటి వారంలోనే జిరాక్స్ షాపులో అచ్చు తీయించి లామినేషన్ చేయించుకున్న తప్పుల చక్రం గురించే ఈ సమీక్ష.

చక్రం అంటే గడియారపు ముఖంలా ముక్కలుగా చీల్చిన వృత్తం. పెల్లెట్లు (ఎయిర్ పిస్టల్ పేల్చే చిన్న గుళ్లు) ఏ ముక్కలో గుంపుగా పడితే చేతిలో ఏ తప్పు జరుగుతున్నదో ఆ ముక్కలో రాసి ఉంటుంది. కింద ఎడమ వైపు పడితే ట్రిగ్గర్‌ను గుంజుతున్నారని, సరిగ్గా కిందికి పడితే మణికట్టు వాలుతున్నదని, పైన కుడి వైపు పోతే అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో పిస్టల్‌ను ముందుకు తోస్తున్నారని దాని తీర్పు.

నా పెల్లెట్లు మాత్రం నాలుగు నెలల పాటు కింద కుడి వైపే పడుతూ వచ్చాయి. చక్రం అక్కడ పట్టు బిగించడాన్ని తప్పుగా చూపింది కనుక నేను పట్టు వదులు చేసుకుంటూ పోయాను. గుంపు ఇంకా చెదిరింది. విసుగెత్తి, గురి చూసుకోవడానికి పిస్టల్ మీద ముందూ వెనకా ఉండే సైట్లలో వెనక సైట్ స్క్రూ తిప్పి గుంపును నడుమకు తెచ్చుకున్నాను. ఈ పద్దెనిమిది నెలల్లో నేను చేసిన అతి పెద్ద పొరపాటు అదే, ఎందుకంటే తప్పును అలాగే ఉంచి సైట్‌ను దానికి అనుకూలంగా మలిచాను. ఆ తరువాత చేయి బాగా కుదిరిన రోజున పెల్లెట్లన్నీ పైన ఎడమకు పోయేవి.

ఒకనాడు కోచ్ ఆ కాగితాన్ని చూసి నవ్వాడు. "గిది కుడిచేతోళ్ల కోసం గీసింది సార్. మీది ఎడమచెయ్యి కదా, అద్దంల వెట్టి చూడుర్రి." ఇంటికి వచ్చి బీరువా అద్దం ముందు పెట్టి చూస్తే, నా గుంపు పడే చోట ట్రిగ్గర్ గుంజుడు అని తేలింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. మరునాడు ఆయన పిస్టల్‌ను తానే సిద్ధం చేసి నా చేతికిస్తూ పోయాడు. లోపల పెల్లెట్ ఉందో లేదో నాకు తెలియకూడదన్నది షరతు. మూడోసారి టక్కుమన్న ఉత్త శబ్దం తప్ప మరేమీ రాలేదు, కానీ ముందు సైట్ మాత్రం కిందికి, కుడికి ఒక్క ఉదుటున తలవంచింది. నా కళ్లతోనే చూశాను కనుక ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఇంత చిన్న కదలికకు అంత పెద్ద తేడా ఎందుకన్నది లెక్క వేస్తే అర్థమవుతుంది. నా పిస్టల్ మీద ముందు, వెనక సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. ముందు సైట్ వెనక సైట్ గాడిలో 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ దాదాపు 30 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది, అంటే నడుమ నుంచి నల్ల వృత్తం అంచుదాకా. పది పాయింట్లు వచ్చే నడుమ వృత్తం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు! అదే సైట్ల పొందిక చెదరకుండా చేయి మొత్తం 5 మిల్లీమీటర్లు ఊగితే పెల్లెట్ కూడా 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. చేతి వణుకును చూసి భయపడి, టార్గెట్ నడుమకు రాగానే ఠక్కున ట్రిగ్గర్ నొక్కే మాలాంటి వాళ్లందరూ చిన్న నష్టాన్ని తప్పించుకోబోయి పెద్ద నష్టాన్ని కొనితెచ్చుకుంటున్నాము.

అందుకే సైట్ స్క్రూను మొదటి స్థానానికి తిప్పేసి, రోజూ రాత్రి భోజనానికి ముందు ఇరవై నిమిషాలు ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడ వైపు డ్రై ఫైర్ చేయడం అలవాటు చేసుకున్నాను. టార్గెట్ లేనప్పుడు కంటికి ముందు సైట్ తప్ప పని ఉండదు, అది ఎప్పుడు కదిలినా దొరికిపోతుంది. ఆరు వారాలకు గుంపు నడుమకు చేరింది.

చక్రం పనికిరానిదని నేను అనను. అయితే ఒక్క పెల్లెట్‌ను చూసి దాన్ని సంప్రదించడం దండగ. కనీసం పది పెల్లెట్ల గుంపు ఉండాలి, సైట్ సరిగ్గా కుదిరి ఉండాలి, పైగా టార్గెట్ చూడకముందే ఈ పెల్లెట్ ఎటు పోయి ఉంటుందో మనసులో అనుకోవాలి. ఆ అంచనా, రంధ్రం ఒకే చోట ఉంటే తప్పు మనకు కనిపించినట్టే. వేరుగా ఉంటే ట్రిగ్గర్ కదిలిన క్షణంలో కన్ను ముందు సైట్ మీద లేదన్నమాట. పెల్లెట్లు నలుదిక్కులా చెదిరే తొలి నెలల్లో కొత్తవాళ్లకు ఇది అయోమయాన్నే పెంచుతుంది. మే నెలలో మన ఎండకు అరచేయి చెమర్చి పిడి జారడం వల్ల వచ్చే తేడాలకు కూడా దాంట్లో గడి లేదు; దానికి తువ్వాలే మందు.

60 షాట్లకు, అంటే 600 పాయింట్లకు, 480 దగ్గర మొదలైన నా స్కోరు ఇప్పుడు 530 అటూ ఇటూగా ఉంది. చివరి పది షాట్లు మాత్రం ఇంకా కిందికి దిగుతున్నాయి. చక్రం మణికట్టు అంటున్నది, నాకు భుజం అలసట అనిపిస్తున్నది. ఈ నెలంతా నీళ్లు నింపిన లీటరు సీసాను చేయి చాపి పట్టుకుంటున్నాను.