జనవరిలో లద్దాఖ్: బసలు, బూట్లు, బావ కాలి వేళ్లు

జనవరిలో లద్దాఖ్ వెళ్దామనుకునేవాళ్లు హోటల్‌కి ఫోన్ చేసి గీజర్ ఉందా, వైఫై ఉందా అని అడుగుతారు. నన్నడిగితే అడగాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రిపూట తడిసిన సాక్సులు ఎక్కడ ఆరేసుకోవాలి? వేళకాని వేళ బకెట్‌డు వేడినీళ్లు కావాలంటే ఎవరు కాచిస్తారు? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినచోటే గది తీసుకోండి, పరుపులు పాతవైనా సరే. మా బావకి ఎడమ కాలి వేలు ఒకటి కొసన పోయి, మిగతావి దక్కాయంటే ఆ బకెట్ చలవే.

గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కణ్నుంచి పొద్దున్నే లేహ్ విమానం. వాతావరణం బాగోకపోతే చలికాలంలో ఆ విమానం రద్దవడం మామూలే, అందుకని తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. దిగగానే ఊరు చూడ్డానికి బయల్దేరకుండా మొదటి రెండు రోజులు గదిలో పడుకోవడం తప్పదు. అంటే డబ్బు ఖర్చుపెట్టేదంతా ఆ గదికే. మేం దిగిన హోటల్ అంత డబ్బు చేసేది కాదు. సెంట్రల్ హీటింగ్ అన్నారు, రాత్రి పదకొండుకి కట్టేశారు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టడం వాళ్ల తప్పు కాదు, కానీ వేడినీళ్ల బకెట్ పొద్దున ఒక్క గంటే ఇస్తామనడం మాత్రం వాళ్ల తప్పే. పైగా గదిలో గ్యాస్ హీటర్ పెట్టి, కిటికీ కొంచెం తీసి ఉంచమని ఎవరూ చెప్పలేదు. తలుపులన్నీ మూసేసి దాన్ని వెలిగించి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌కి నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

బజార్లో బూట్లు అద్దెకిచ్చే కుర్రాడికి మాత్రం నూటికి నూరు మార్కులు. మందపాటి ఊలు సాక్సు ఒక్కటే తొడిగించి, బూటులో వేళ్లు కదిలించి చూపమన్నాడు. కదలకపోతే ఇంకో సైజు ఇచ్చాడు. అక్కా, నేనూ తీసుకున్నాం. బావ తీసుకోలేదు. "బ్రాండెడ్ షూ కొన్నాను కదరా, ఇంకా అద్దెవెందుకు?" అన్నాడు. బెజవాడలో జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలకే మఫ్లర్ చుట్టే మనిషి, ఆ షూలోకి రెండు జతల సాక్సులు కుక్కాడు. బిగుతు షూలో రెండు సాక్సులంటే వేళ్లకి వెళ్లే రక్తాన్ని మనమే ఆపుకోవడం. సాక్సుల మధ్య వెచ్చగా నిలవాల్సిన గాలికి చోటుండదు.

5,300 మీటర్లు దాటిన చాంగ్లా కనుమ మీదుగా పాంగాంగ్ సరస్సు చేరాం. డ్రైవర్ మంచి పనివాడు, మంచు కనపడగానే చక్రాలకి గొలుసులు కట్టాడు, ఫోన్ ముట్టుకోలేదు. ఒడ్డునే ఉన్న స్పాంగ్‌మిక్ అనే ఊళ్లో వేసవి క్యాంపులన్నీ మూసేసి ఉన్నాయి, దొరికింది ఒక హోమ్‌స్టే. మట్టి గోడలు, నేలమీద పరుపులు, మధ్యలో బుఖారీ పొయ్యి, బయట నీళ్లు వాడని మరుగుదొడ్డి. అద్దె హోటల్‌కిచ్చిన దాంట్లో సగం కూడా లేదు. పొయ్యి చుట్టూ తీగ కట్టి ఉంది, సాక్సులూ గ్లవ్స్ ఆరేసుకోడానికే. దాని మీద ఎప్పుడూ ఒక గిన్నెడు నీళ్లు కాగుతూ ఉంటాయి. ఇంటావిడని అక్కడివాళ్లు ఆచేలే అంటారు, మన అక్కగారు అన్నట్టు. మేమూ అలాగే పిలిచాం. (గుంటూరు నుంచి పట్టుకెళ్లిన గోంగూర పచ్చట్లో నూనె గడ్డకట్టి చెంచా దిగలేదు. పొయ్యి పక్కన అరగంట పెడితేగానీ దారికి రాలేదు.)

సాయంత్రం గడ్డకట్టిన సరస్సు మీద ఫోటోలు. ఒడ్డున పలుచటి మంచు విరిగి బావ ఎడమ షూ తడిసింది. ఫోన్‌లో మైనస్ 22, ఆపైన గాలి. తడీ గాలీ తోడైతే అంకె చెప్పే దానికంటే చాలా ముందే చర్మం గడ్డకడుతుంది. లోపలికి వెళ్దామంటే, "ఇందాక మంట పుట్టింది, ఇప్పుడు తగ్గిందిలే" అన్నాడు. మంట తగ్గడమే ఇక్కడ అసలు ప్రమాదం, అప్పటికి వేళ్లకి స్పర్శ పోయిందన్నమాట. బావకి పదేళ్లుగా షుగర్. ఆయన వేళ్లకి మామూలుగానే తిమ్మిరి, అందుకే తేడా తెలియలేదు. సిగరెట్ కూడా ఉంది, అది రక్తనాళాల్ని ఇంకా ముడుచుకుపోయేలా చేస్తుంది.

గదిలో సాక్సు తీస్తే మూడు వేళ్లు మైనం రంగులో ఉన్నాయి. నొక్కితే లోపలికి పోలేదు. డ్రైవర్ వెంటనే కాలు బుఖారీ దగ్గర పెట్టమన్నాడు, ఇంకెవరో మంచుతో రుద్దమన్నారు. ఆచేలే రెండూ వద్దంది. స్పర్శ లేని కాలు పొయ్యి దగ్గర కాలిపోయినా తెలియదు. రుద్దితే లోపల ఏర్పడిన మంచు స్ఫటికాలు కణజాలాన్ని చీలుస్తాయి. వేడి చేయడం ఒక్కటే మార్గం, అదీ నీళ్లలోనే: 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. ఆ నీళ్లు ఎంత వేడో కొలవడానికి నా కిట్‌లో ఉన్న జ్వరం థర్మామీటర్ సరిగ్గా సరిపోయింది. 99 నుంచి 102 ఫారన్‌హీట్, అంటే నీళ్లకి జ్వరం రావాలి, అంతకు మించకూడదు. పెద్ద టబ్బులో పాదం అంచులకి తగలకుండా ఉంచి, చల్లారినప్పుడల్లా పాదానికి దూరంగా వేడినీళ్లు కలుపుతూ అరగంట. ఆ అరగంటలో బావ పడ్డ బాధ చూడలేకపోయాం, పళ్ల బిగువున ఏడ్చాడు. రక్తం మళ్లీ పారుతోందంటే నొప్పి అలాగే ఉంటుంది. చర్మం మెత్తబడి ఎర్రగా మారాక ఆపాం. మెల్లగా అద్ది తుడిచి, వేళ్ల మధ్య పొడి గాజు గుడ్డ పెట్టి, వదులుగా కట్టాం.

ఒక్క షరతు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే అసలు కరిగించకూడదు. కరిగిన కాలు రెండోసారి గడ్డకడితే నష్టం మొదటిసారికంటే ఘోరం. ఇంకా మంచులో నడిచి బయటపడాల్సినవాళ్లు గడ్డకట్టిన కాలితోనే నడవడం మేలు. మాకు ఆ రాత్రికి వెచ్చని గది ఉంది, పొద్దున హీటర్ ఉన్న కారుంది కాబట్టి ధైర్యం చేశాం. ఎవరో రమ్ము ఇవ్వబోతే వద్దన్నాం. తాగితే వెచ్చగా అనిపిస్తుందే తప్ప ఒంట్లో వేడి బయటికి పోతుంది.

పొద్దున్నకి బొబ్బలొచ్చాయి. రెండు వేళ్ల మీద నీటి బొబ్బలు, మూడోదాని కొసన రక్తపు బొబ్బ. నీటి బొబ్బలంటే దెబ్బ పైపైన, రక్తపు బొబ్బ అంటే లోతు. చీకట్లో చాంగ్లా దాటడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమేనని తెల్లవారాకే బయల్దేరాం, కాలు నేలకి ఆనించనివ్వలేదు. లేహ్‌లోని సోనమ్ నోర్బూ స్మారక ఆస్పత్రి చూడ్డానికి మామూలు ప్రభుత్వాసుపత్రే, కానీ అక్కడివాళ్లకి చలి దెబ్బలు కొత్త కాదు. టెటనస్ ఇంజెక్షన్, డ్రెస్సింగ్, షుగర్ చూడటం, కిడ్నీ పరీక్ష చేశాకే ఐబుప్రొఫెన్, అంతా హడావుడి లేకుండా జరిగిపోయింది. అక్కడే తెలిసింది, చలికి గడ్డకట్టిన భాగం కరిగాక చిన్న రక్తనాళాల్లో రక్తం గడ్డలు కడుతుందని, వేళ్లు పోవడానికి సగం కారణం అదేనని. అందుకే తీవ్రమైన కేసుల్లో గడ్డలు కరిగించే మందుని 24 గంటల్లోపు, ఇలోప్రాస్ట్ అనే మందుని 72 గంటల్లోపు ఇస్తారు. ఈ రెండోదానికి 2024 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. ఇవి ప్రతి ఆస్పత్రిలో దొరికేవి కావు, ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేవీ కావు. బావ దెబ్బ వేలి కొసకే పరిమితం కాబట్టి అవసరం లేదన్నారు.

బెజవాడ వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. సూర్యారావుపేటలో మొదట చూపించిన చోట కొస నల్లబడటం చూసి, "షుగర్ ఉంది, పైకి పాకుతుంది, వేలు తీసేద్దాం, రేపే అడ్మిట్ అవ్వండి" అన్నారు. వాళ్లు రోజూ చూసేది షుగర్ కాళ్లు, వాళ్ల తొందర అర్థమవుతుంది. కానీ ఫ్రాస్ట్‌బైట్, అంటే ఈ చలి దెబ్బ, లెక్క వేరు. చీము, వాసన, జ్వరం లేకుండా ఎండిపోయి నల్లబడితే ఆగాలి. ఎక్కడిదాకా చచ్చింది, ఎక్కడ బతికుంది అనే గీత తేలడానికి నెల నుంచి మూడు నెలలు పడుతుంది. అప్పటికి చూస్తే మొదట పోయిందనుకున్న దాంట్లో చాలా భాగం బతికే ఉంటుంది. చీము పడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. అక్క భయపడి సంతకం పెట్టబోతుంటే ఆపి, ఇంకో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బోన్ స్కాన్ తీయించి, రక్తం ఎక్కడిదాకా పారుతోందో చూపించి, ఆగుదామన్నారు. కలబంద జెల్, పొడి కట్లు, షుగర్ అదుపు, సిగరెట్ బంద్. ముప్పై ఏళ్ల సిగరెట్ అక్క మానిపించలేనిది ఆ స్కాన్ మానిపించింది. మార్చి చివర్లో తీసింది గోరు కింద కొస మాత్రమే. ఇప్పటికీ కారులో ఏసీ గాలి తగిలితే ఆ వేళ్లు జివ్వుమంటాయి. అది ఏళ్ల తరబడి ఉండొచ్చట.

ట్రిప్ బుక్ చేసిన ఏజెన్సీ కాగితంలో 'ఇన్సూరెన్స్‌తో సహా' అని ఉంది. తీరా చూస్తే అది ప్రమాదంలో చనిపోతేనే ఇచ్చేది. ఆస్పత్రి ఖర్చులో రూపాయి రాలేదు. పాలసీ కాపీ ముందే అడగండి, ఎత్తయిన ప్రాంతాలు, చలి దెబ్బలు కవర్ అవుతాయో లేదో చదవండి. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు జనవరి వదిలేసి జూన్‌లో వెళ్లడమే మంచిది. పాంగాంగ్ నీలిరంగు చూడాలన్నా అప్పుడే, జనవరిలో అంతా తెల్లటి మంచే. మేం ఈసారి ఏజెన్సీ లేకుండా నేరుగా ఆచేలేకే ఫోన్ చేసి జూన్‌కి రెండు గదులు చెప్పాం. అడ్వాన్స్ వద్దంది, కిలో గుంటూరు మిరపకాయలు తెమ్మంది.