సైనిక్‌పురిలో వారాంతపు బ్రంచ్: శనివారం పడ్డ ఇబ్బంది, ఆదివారం కుదిరిన పద్ధతి

మా తమ్ముడి కూతురి తొట్టెల కోసం మొన్న కరీంనగర్ నుంచి హైదరాబాద్ వెళ్లాం. నేను, మా ఆయన, పదకొండేళ్ల బాబు, డెబ్బై దాటిన అత్తమ్మ. తమ్ముడి ఫ్లాట్ ఏఎస్ రావు నగర్‌లో. అప్పటికే చుట్టాలతో నిండిపోయింది, అత్తమ్మకు కింద పడుకోవడం కష్టం, అందుకని పక్కనే ఉన్న సైనిక్‌పురిలో రెండు రాత్రులకు సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రోజుకు 2,600 రూపాయలు, రెండు బెడ్రూములు, చిన్న వంటగది.

ముందు బస గురించి. గదులు శుభ్రం, వేడినీళ్లు పొద్దున ఐదింటికే వచ్చాయి, రాత్రి చప్పుడు అనేదే లేదు. సైనిక్‌పురి మాజీ సైనికుల కోసం వెలిసిన కాలనీ, పక్కనే వాయుపురి, ఇంకాస్త ముందుకెళ్తే ఈసీఐఎల్ అనే కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ వాళ్లతో పెరిగిన ఏఎస్ రావు నగర్ (1967లో మొదలైన ఆ సంస్థ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఆ నగర్‌కు పెట్టారు). లోపలి వీధుల్లో ఇంకా పెద్ద పెద్ద స్థలాల్లో పాత ఇళ్లు, గేటు పక్కన మామిడిచెట్టు, నీడలో ఆపిన కారు. హైదరాబాద్‌లో ఇంత నెమ్మదైన వీధులు నేను ఎక్కువ చూడలేదు. కానీ ఆ నెమ్మదికి ఒక లెక్క ఉంటుందని మాకు శనివారం పొద్దున గానీ తెలియలేదు.

బుకింగ్ పేజీలో టిఫిన్ ఉంటుందని రాసి ఉంది. ఆ ధీమాతో ప్రయాణం చేసిన అలసటకి తొమ్మిదిన్నర దాకా పడుకున్నాం. అత్తమ్మ మాత్రం అలవాటు ప్రకారం ఐదున్నరకే లేచి, టీ తాగి, రెండు బిస్కెట్లు తిని కూర్చుంది. పదింబావుకి కింద వాచ్‌మన్‌ని అడిగితే, గదులన్నీ నిండితేనే వంటమనిషి వస్తుందమ్మా, ఈ వారం రాలేదు అన్నాడు. అప్పటికే అత్తమ్మ టిఫిన్ వస్తుందనుకుని షుగర్ మాత్ర వేసేసుకుంది. ఆ మాత్ర వేసుకున్నాక అరగంటలో ఏదో ఒకటి కడుపులో పడాలి.

బయటకి వచ్చేసరికి పదీ నలభై. మొదట కనిపించిన టిఫిన్ సెంటర్‌లో పెనం మీద నీళ్లు కొట్టి చీపురుతో తుడుస్తున్నారు. "ఇడ్లీ లేదు, దోశ పిండి అయిపోయిందక్కా, వడలు రెండే ఉన్నయి" అన్నాడు ఆ అబ్బాయి. నూనె వడలు ఆవిడ తినదు. రెండో చోట షట్టర్ సగం దించేశారు. బిర్యానీ హోటళ్లేమో పన్నెండుకి గానీ వడ్డన మొదలుపెట్టరు. మ్యాపులో చూసి ఒక కేఫ్‌కి వెళ్తే బయట మెట్ల మీద పది మంది నిలబడి ఉన్నారు, పేరు రాయించుకుని ముప్పై ఐదు నిమిషాలు ఆగాలన్నారు. అప్పుడే అత్తమ్మ నుదుటి మీద చెమట చూశాను. "కాళ్లు ఒణుకుతున్నయి బిడ్డా" అంది మెల్లగా, ఎవరికీ వినపడకుండా. మా ఆయన పరుగెత్తి మూల మీద బండి నుంచి అరటిపళ్లు తెచ్చాడు, కేఫ్ అబ్బాయి అడగకుండానే లోపల నుంచి కుర్చీ, చక్కెర కలిపిన నీళ్లు తెచ్చిచ్చాడు. పదిహేను నిమిషాల్లో తేరుకుంది. ఆ పదిహేను నిమిషాలు నేనింకా మర్చిపోలేదు, ఇదంతా ఇంత వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

ఆ కేఫ్‌లో తిండి బాగానే ఉంది, మనుషులు ఇంకా బాగున్నారు. కానీ ఎత్తు కుర్చీలు, సన్నటి బల్లలు, అత్తమ్మ కాళ్లు కిందకి ఆనలేదు. పాటల మోతలో ఆవిడ మాట మాకు వినపడలేదు. బిల్లు 980 అయితే దాని మీద 98 రూపాయలు సర్వీస్ ఛార్జీ వేశారు. తీసేయమని మర్యాదగా అడిగాను, వెంటనే తీసేశారు. హోటళ్లు తమంతట తామే సర్వీస్ ఛార్జీ కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. సర్వీస్ నచ్చితే ఇవ్వొచ్చు, మేం కుర్చీ తెచ్చిచ్చిన అబ్బాయికి విడిగా వంద ఇచ్చాం.

సాయంత్రం తొట్టెల దగ్గర ఈ మాట చెబితే చుట్టాల్లో ఒకాయన, బ్రంచ్ (టిఫిన్, భోజనం కలిపి పొద్దెక్కాక ఒకేసారి తినేది) కావాలంటే బంజారాహిల్స్ వైపు స్టార్ హోటల్‌కి వెళ్లాల్సింది అన్నాడు. ఆ బఫేలు ఎక్కువగా మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలవుతాయి, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలి, మనిషికి వేలల్లో ఖర్చు. పొద్దున్నే లేచే పెద్దవాళ్లకు, పదకొండుకే ఆకలేసే పిల్లలకు అది అస్సలు పనికిరాదు. మా మరదలు మాత్రం అసలు సంగతి చెప్పింది. ఇక్కడ ఇడ్లీ దోశలు ఏడున్నర నుంచి పది లోపు తినాలి వదినా, కేఫ్‌కి పదింబావు లోపు చేరాలి, పదిన్నర దాటితే ఆదివారం చర్చి నుంచి వచ్చేవాళ్లు, లేటుగా లేచినవాళ్లు అందరూ ఒక్కసారే వస్తారు అని.

ఆదివారం అలాగే చేశాం.

ఏడూ నలభైకి అత్తమ్మ, నేను ఇద్దరమే నడుచుకుంటూ నిన్నటి టిఫిన్ సెంటర్‌కే వెళ్లాం. ప్లేట్ ఇడ్లీ 40 రూపాయలు, పొగలు కక్కుతూ వచ్చింది, పల్లి చట్నీ, అల్లం చట్నీ, మీద కారప్పొడి. ప్లాస్టిక్ స్టూలే అయినా ఎత్తు సరిగ్గా సరిపోయి ఆవిడ హాయిగా కూర్చుంది. పక్కన బనియన్ మీద షాల్ కప్పుకున్న పెద్దాయన పేపర్ చదువుతూ హిందీలో ఎవరితోనో క్రికెట్ మాట్లాడుతున్నాడు, ఆయనకి టీ వచ్చేది ఆయన అడగక ముందే. యజమాని చెప్పిన ఒక మాట నాకు బాగా ఉపయోగపడింది. ఇడ్లీ దోశ పిండి ముందు రోజు రుబ్బి పులియబెట్టాలి కాబట్టి అయిపోతే ఆ పూటకి అంతే, పెసరట్టుకి పులవాల్సిన పని లేదు, పెసలు నానితే చాలు, అందుకే పదిన్నర తర్వాత వచ్చినవాళ్లు పెసరట్టు అడగాలట. నిన్న అడిగి ఉంటే వేసి ఇచ్చేవాళ్లేమో. ఎక్కడైనా లేటుగా వెళ్తే నేనిక ముందు అదే అడుగుతాను.

తర్వాత గదికి వచ్చి బట్టలు సర్దుకుని, పదికి నలుగురం వేరే కేఫ్‌కి వెళ్లాం. లోపలి వీధిలో పాత ఇంటినే కేఫ్ చేశారు. బోర్డు చిన్నది, మ్యాపు ఒక సందు ముందే ఆపేసింది, ఎదురింటి ఆమె దారి చూపించింది. వరండాలో మామూలు కుర్చీలు, చెట్టు నీడ, పాటలు లేవు. అప్పటికి మూడు బల్లలు ఖాళీ. బాబుకి తేనెతో పాన్‌కేక్ 290, నాకు పుట్టగొడుగుల ఆమ్లెట్, టోస్ట్ కలిపి 260, మా ఆయనకి చికెన్ సాసేజ్, గుడ్లు, బంగాళాదుంప వేపుడు ఉన్న పెద్ద ప్లేట్ 410, రెండు కాఫీలు 260. జీఎస్టీతో మొత్తం 1,281, సర్వీస్ ఛార్జీ లేదు. ఆమ్లెట్ మెత్తగా, లోపల తడి ఆరకుండా వచ్చింది. పాన్‌కేక్ కాస్త పిండిపిండిగా ఉందనిపించింది, బాబు మాత్రం మొత్తం తినేశాడు. కాఫీ మన ఫిల్టర్ కాఫీ కాదు, పలచన, 130 రూపాయలకి అది నాకు నచ్చలేదు. అత్తమ్మ నా టోస్ట్‌లో సగం, కొంచెం ఆమ్లెట్ తింది, అప్పటికే ఇడ్లీ కడుపులో ఉంది కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. గంటంపావు కూర్చున్నాం, ఎవరూ లేవమని చూడలేదు. పదీ నలభై ఐదుకి గేటు దగ్గర లైన్ మొదలైంది.

పేర్లు రాయమని అడుగుతారని తెలుసు. ఒక్కో చోట ఒక్కో పూట తిన్న అనుభవంతో పేరు పెట్టి ఫలానాది మంచిది, ఫలానాది కాదు అనడం నాకు న్యాయం అనిపించలేదు. పెద్దవాళ్లతో వెళ్తే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: మెట్లు ఎన్ని, మామూలు ఎత్తు కుర్చీలు ఉన్నాయా, వంట ఎన్నింటికి మొదలవుతుంది. ఇంకొకటి, ఈ కేఫ్‌లన్నీ ఇళ్ల మధ్యలోనే ఉన్నాయి. మేం తింటుండగానే ఎదురింట్లోంచి ఒక పెద్దాయన బయటకి వచ్చి, తన గేటుకి అడ్డంగా పెట్టిన కారు ఎవరిదో అడుగుతూ బల్ల బల్లకీ తిరిగాడు. పాపం ఆయన హాస్పిటల్‌కి వెళ్లాలట. దయచేసి కారు మెయిన్ రోడ్డు మీదే ఎక్కడైనా ఆపి నడవండి, ఐదు నిమిషాల నడక, నీడ కూడా ఉంటుంది.

మా బసలో గది ఖాళీ చేయాల్సిన టైము పదకొండు. బ్రంచ్‌కీ దానికీ పొసగదు కదా, రాత్రే అడిగితే గంటన్నర అదనంగా ఉచితంగా ఇచ్చారు. టిఫిన్ విషయంలో తప్పు రాశారు గానీ ఈ మాట నిలబెట్టుకున్నారు. మళ్లీ దిగుతామా అంటే దిగుతాం, టిఫిన్ సంగతి మాత్రం ముందే మాట్లాడుకుని.

పన్నెండున్నరకు బయల్దేరాం. వెళ్లే ముందు అత్తమ్మ కారు టిఫిన్ సెంటర్ దగ్గర ఆపించి రెండు పెసరట్లు కట్టించుకుంది. శామీర్‌పేట దాటాక పొట్లం విప్పితే కారంతా అల్లం, పచ్చిమిర్చి వాసన. ఒకటి బాబుకిచ్చి ఒకటి తనే తింది.